అంగుళం వాన ఎక్కడికి పోయింది?

ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడిందంటే 4,047 లీటర్ల నీళ్ళు పడ్డట్టు. అంగుళం వానను ఉజ్జాయింపుగా 25 మి.మీ. అనుకుంటే ఎకరానికి లక్ష లీటర్లు దాటుతాయి. ఎండాకాలం కాలనీలకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే ఇరవై ట్యాంకర్లు. గంటసేపు పడిన ఒక్క మంచి వాన తెచ్చే నీళ్ళివి. అయినా పది రోజులు తిరక్కముందే ఒక చేలో వేరుశనగ వాడు ముఖం వేస్తుంది. గట్టు అవతలి చేలో అదే వేరుశనగ ఇంకా నిగనిగలాడుతూ ఉంటుంది. వాన రెండు చేల మీదా ఒకేలా పడింది. తేడా వచ్చిందల్లా పడ్డ తర్వాతే.

మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో మర్నాడు పేపర్లో చూసుకోవచ్చు. ఆ నీళ్ళలో నేలలోకి దిగిందెంత, ఎంత లోతుకు పోయింది, ఎన్నాళ్ళు నిలిచింది అన్న లెక్క ఏ పేపర్లోనూ రాదు. పంటను నిలబెట్టేది మాత్రం ఆ రెండో లెక్కే. అది వేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు అంకెలు తెలిస్తే చాలు. వాటిలో మొదటివి మన పటాన్‌చెరులోనే దొరుకుతాయి.

పటాన్‌చెరులో కొలిచిన అంకెలు

1972లో మొదలైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఒకవైపు నల్లరేగడి, ఇంకోవైపు ఎర్రనేల ఉన్నాయి. మెట్ట సేద్యం మీద పరిశోధనకు ఆ చోటు అంతగా నప్పడానికి అదీ ఒక కారణం. 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు రెండు నేలల మీదా నీళ్ళు నిలగట్టి, అవి ఎంత వేగంగా ఇంకుతున్నాయో కొలిచారు.

నల్లరేగడి మొదటి అరగంటలో గంటకు 76 మి.మీ. చొప్పున తాగింది. తర్వాతి అరగంటలో ఆ వేగం 34కి దిగింది. రెండో గంటలో 4కి పడిపోయింది. అలా 144 గంటలు, అంటే ఆరు రోజులు నీళ్ళు నిలిపి ఉంచాక చూస్తే గంటకు 0.2 మి.మీ. దగ్గర ఆగింది. ఎర్రనేల కూడా ఇంచుమించు అక్కడే మొదలైంది. మొదటి అరగంటలో 73, తర్వాతి అరగంటలో 17, రెండో గంటలో 15, ఆరు రోజుల తర్వాత 7 నుంచి 8 మి.మీ. మధ్య.

ఈ అంకెలను కూడి చూడండి. మొదటి రెండు గంటల్లో నల్లరేగడి తాగింది 38, 17, 4 కలిపి 59 మి.మీ. ఎర్రనేల తాగింది 36.5, 8.5, 15 కలిపి 60 మి.మీ. దాదాపు సమానం! ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేల, జిగట బంకమన్ను నల్లరేగడి రెండు గంటల వానను ఒకేలా మింగగలవని ఎవరైనా ఊహిస్తారా? తేడా బయటపడేది ముసురు పట్టినప్పుడు. తడిసి ఉబ్బిన నల్లరేగడి రోజంతా కలిపి 5 మి.మీ. మించి దింపుకోలేదు. ఎర్రనేల అదే రోజులో 180 మి.మీ. దింపగలదు. ఆగస్టు ముసురులో నల్లరేగడి చేలో నీళ్ళు నిలబడి పైరు పసుపురంగుకు తిరగడం, ఎర్రచెలకలో మర్నాటికే గుంటక తోలడానికి వీలు కావడం ఈ ఒక్క తేడా వల్లనే.

మొదటి అరగంటలో నల్లరేగడి అంత ఆత్రంగా తాగడానికి కారణం నెర్రెలు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత వెడల్పున విచ్చి, మీటరు లోతుకు, కొన్నిచోట్ల ఇంకా లోపలికి దిగే ఆ నెర్రెల్లోకి తొలకరి నీళ్ళు నేరుగా జారిపోతాయి. పైమట్టి పొడిగా ఉన్నప్పుడే కింది మట్టి తడుస్తుంది. తడిసిన బంకమన్ను ఉబ్బి నెర్రెలు పూడ్చుకున్నాక ఇక నీళ్ళకు మిగిలేది కంటికి ఆనని సందులే. ఈ బంకమన్నులో ఉండే ఉబ్బే ఖనిజాన్ని విడిగా తీసి ఒక్క గ్రాము రేణువుల ఉపరితలమంతా పరిస్తే 800 చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన కొలతలో దాదాపు ఇరవై సెంట్లు! ఎర్రనేలలో ఎక్కువగా ఉండే ఉబ్బని రకం బంకమన్నుకు అది అర సెంటు దరిదాపుల్లోనే ఉంటుంది. ఉపరితలం ఎంత పెరిగితే అంత నీరు దానికి అంటుకుంటుంది, అంతే గట్టిగా పట్టుకుంటుంది, అంతే మెల్లగా వదులుతుంది.

వాన చినుకు చేసే పని

పై అంకెలన్నీ నిలగట్టిన నీళ్ళతో కొలిచినవి. నిజం వాన అలా పడదు. చేలో ఏం జరుగుతుందో తెలియాలంటే చినుకును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2 మి.మీ. చినుకు నేలను తాకే వేగం సెకనుకు 6.5 మీటర్లు, అంటే గంటకు 23 కిలోమీటర్లు. ఉరుముల వానలో పడే 5 మి.మీ. లావు చినుకుది గంటకు 32 కిలోమీటర్లు. అంగుళం వానలో ఎకరం మీద పడే నీళ్ళ బరువు 100 టన్నులు. వంద టన్నులు ఆ వేగంతో కోట్ల చినుకులుగా వచ్చి వట్టి నేలను కొడతాయి. మట్టి గడ్డలు చితికి సన్నని రేణువులుగా విడిపోతాయి. ఆ రేణువులు నీళ్ళతోపాటు పక్కనున్న రంధ్రాల్లోకి జారి అక్కడే ఇరుక్కుంటాయి. పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన ఒక పొర బిగుసుకుంటుంది. ఎండ తగలగానే అది పెచ్చు కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని రాలేక లోపలే మెలికలు తిరగడం ఎర్రచెలక రైతులందరికీ తెలుసు.

అసలు నష్టం ఇక్కడే ఉంది. నీళ్ళు నిలగట్టి కొలిస్తే ఆరు రోజుల తర్వాత కూడా గంటకు 7 మి.మీ. పైగా దింపుకునే ఎర్రనేల, జూన్ నెల జడివానలో పావుగంటకే నీటిని పల్లానికి వదిలేస్తుంది. వాన మొదట్లో నల్లరేగడి నెర్రెలు మింగేసే నీటిని ఎర్రచెలక ఒర్రెల్లో పారిస్తుంది. తేలిక నేల కాబట్టి నీళ్ళు ఇట్టే ఇంకుతాయన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. సేద్యంలో ఇంతకంటే ఖరీదైన అపోహ నాకు ఇంకోటి కనబడదు. పెచ్చు కట్టిన ఎర్రనేల వరదను వదిలే నేల. దాని కింద మీటరు లోతు మట్టి పొడిగానే ఉన్నా, ఆ నీటికి దారినిచ్చేదీ మూసేదీ పైన గోరు మందం పొరే.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. గంటలో 25 మి.మీ. వాన పడింది. పెచ్చు కట్టిన చేను ఆ గంటలో 10 మి.మీ. మాత్రమే తీసుకుంది. మిగిలిన 15 మి.మీ. పారిపోయింది. ఎకరానికి 60 వేల లీటర్లు, ఇరవై ట్యాంకర్లలో పన్నెండు. వానమాపకం 25 చూపిస్తుంది. చేనుకు అందింది 10.

పొర ఇంత చిన్నదైనా దెబ్బ ఇంత పెద్దది కావడానికి కారణం రంధ్రాల లెక్కలో ఉంది. సన్నని గొట్టంలో పారే నీరు ఆ గొట్టం వెడల్పును నాలుగుసార్లు హెచ్చవేసిన మేరకు మారుతుంది. వెడల్పు సగమైతే నీరు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. పదో వంతైతే పదివేలో వంతు. అంటే 1 మి.మీ. వెడల్పున్న ఒక్క వానపాము బొరియ, 0.1 మి.మీ. రంధ్రాలు పదివేలు కలిసి మోసేంత నీటిని మోస్తుంది. కుళ్ళిన వేరు వదిలిన దారీ, చెదపురుగు తొలిచిన కంతా ఇలాంటివే. వీటిలో ఒక్కదాని నోటికి కాస్త సన్నమట్టి చేరిందంటే పదివేల రంధ్రాలు మూతపడ్డట్టే. ట్రాక్టరు చక్రం తొక్కిన సాలులో నీళ్ళు నిలబడి, పక్క సాలులో ఇంకిపోవడం ఎప్పుడైనా గమనించారా? చక్రం కింద మట్టి బరువు తగ్గలేదు, మట్టి రకం మారలేదు. పెద్ద రంధ్రాలు మాత్రం నలిగిపోయాయి.

దిగుతున్నది బరువు వల్లనేనా?

నీరు పల్లమెరుగు అంటాం. నేల లోపల ఆ మాట సగమే నిజం. 1856లో ఫ్రాన్సులోని దిజోన్ పట్టణపు నీటి సరఫరా కోసం ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గుండా నీళ్ళు పంపి కొలిచాడు. పైన నీటి ఎత్తు పెంచిన కొద్దీ పారే నీరు పెరిగింది, ఇసుక మందం పెంచిన కొద్దీ తగ్గింది. భూగర్భ జలాల లెక్కలన్నిటికీ ఇప్పటికీ ఆ సూత్రమే పునాది. కానీ అతని ఇసుకలో గాలి లేదు, రంధ్రాలన్నీ నీటితో నిండి ఉన్నాయి. చేలో మట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు అలా ఉండదు. రంధ్రాల్లో సగం నీరు, సగం గాలి. అలాంటి మట్టిలో నీరు ఎటు నడుస్తుందో చెప్పడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 1907లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎడ్గార్ బకింగ్‌హామ్ తేల్చింది ఏమిటంటే, పొడి మట్టి తడి మట్టి నుంచి నీటిని లాక్కుంటుంది. ఎటువైపు ఎక్కువ పొడిగా ఉంటే నీరు అటే పోతుంది. కిందికే కాదు, పక్కకూ పోతుంది, దీపం వత్తిలో నూనెలా పైకీ పాకుతుంది.

ఎంత పైకి అన్నదానికీ అంకె ఉంది. 0.1 మి.మీ. వ్యాసార్ధం ఉన్న సందులో నీరు 15 సెం.మీ. పైకి ఎక్కుతుంది. సందు పదో వంతుకు సన్నబడితే మీటరున్నర. కాలువల కింద భూగర్భ నీటిమట్టం మీటరు, మీటరున్నర లోతుకు వచ్చేసిన చోట పొలాలు చౌడు బారడం ఇందువల్లనే. నీరు ఉప్పును మోసుకుని పైకి వస్తుంది, ఎండ నీటిని తీసుకుపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. డ్రిప్పు చుక్క కింద ఎర్రనేలలో తడి సన్నగా లోతుకు పోవడం, నల్లనేలలో వెడల్పుగా పరచుకోవడం కూడా ఈ లాగుడు బలం పనే. అందుకే రెండు నేలల్లోనూ డ్రిప్పు రంధ్రాలను ఒకే దూరంలో పెట్టడం తప్పు.

ఈ లాగుడు మొక్క వేరుకూ మట్టికీ మధ్య పోటీ కూడా. వాన వెలిసి రెండు మూడు రోజులకు, అదనపు నీరు కిందికి దిగిపోయాక, మట్టి తనలోని నీటిని పట్టుకునే బలం సుమారు మూడు మీటర్ల నీటి స్తంభం బరువుతో సమానం. వేరుకు అది తేలిక. నీరు తగ్గిన కొద్దీ పట్టు బిగుస్తుంది. 150 మీటర్ల నీటి స్తంభంతో సమానమైన దగ్గర సామాన్యంగా పంట మొక్కలు చేతులెత్తేస్తాయి. ఆ స్థితిలో కూడా నల్లరేగడి ఘనపరిమాణంలో వందకు ఇరవై పాళ్ళ దాకా నీరు ఉండవచ్చు. చేత్తో పిసికితే చెమ్మ తగులుతుంది. అయినా మొక్క వాడిపోతుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో అందులో సగం నీరున్నా మొక్క పచ్చగానే ఉంటుంది. చెమ్మ తగిలిందని నల్లరేగడిలో తడి ఆలస్యం చేయడం ఈ కారణంగానే ప్రమాదం.

జానెడు పదును ఎన్ని మిల్లీమీటర్లు?

వాన వెలిశాక రైతు చేసే మొదటి పని చేలో చిన్న గుంత తీసి పదును ఎంత లోతుకు దిగిందో చూడటం. బెత్తెడా, జానెడా, మూరెడా? ఇంతకు మించిన కొలత ఇప్పటికీ లేదు. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చుకోవడమూ తేలికే.

నీరు నేలలో పైనుంచి కిందికి పలచబడుతూ పోదు. ఒక పొరను నింపాకే తర్వాతి పొరకు దిగుతుంది. అందుకే గుంతలో తడి మట్టి, పొడి మట్టి మధ్య గీత గీసినట్టు హద్దు కనబడుతుంది. పొడి ఎర్రనేల నిండడానికి ఘనపరిమాణంలో వందకు 10 పాళ్ళ నీరు కావాలనుకుందాం. అప్పుడు 25 మి.మీ. నీరు ఇంకితే తడి 25 సెం.మీ. దిగుతుంది, జానెడు మీద కాస్త ఎక్కువ. బంకపాలు ఎక్కువున్న నేల నిండడానికి 16 పాళ్ళు కావాలంటే అదే నీరు 15, 16 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఎర్రచెలకలో జానెడు పదును కనబడిందంటే సుమారు 23 మి.మీ. నేలలోకి చేరినట్టు. వానమాపకం 40 చూపించి, చేలో పదును జానెడే దిగిందనుకోండి, మిగిలిన 17 మి.మీ. గట్టు దాటింది. ఎకరానికి దాదాపు 69 వేల లీటర్లు. ఈ తీసివేత చేసి చూసుకున్న రైతు ఆ ఏడు వాన తక్కువ పడిందని ఊరుకోడు, నీళ్ళు ఎక్కడ తప్పించుకున్నాయో వెతుకుతాడు.

నీరు చేరడం ఒక లెక్క, నిలవడం ఇంకో లెక్క. మొక్క తీసుకోగలిగిన నీటిని మీటరు లోతు ఇసుక నేల 60 నుంచి 100 మి.మీ. దాచుకుంటుంది. బరువు నేల 200 దాకా దాచుకుంటుంది. అనంతపురం జిల్లాలోని చాలా ఎర్రనేలల్లాగా అర మీటరు లోతులోనే గరుకు తగిలే చోట నిల్వ 50 మి.మీ. మించదు. పంట రోజుకు 5 మి.మీ. తాగితే పది రోజులు. అక్కడ ఏడాది వాన 550 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. బెట్ట మూడు వారాలు సాగడం అక్కడ కొత్త కాదు. మీటరున్నర లోతున్న నల్లరేగడిలో నిల్వ 200 మి.మీ. దాటుతుంది, నలభై రోజుల తిండి. కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు, నవంబరుల్లో విత్తిన శనగ ఆ తర్వాత చినుకు పడకపోయినా పండేది ఈ నిల్వ మీదే. చలికాలంలో రోజువారీ ఖర్చు కూడా తక్కువ.

ఆ నిల్వను కాపాడటానికే గుంటక. పైన రెండంగుళాల మట్టిని కదిపితే కింది తడి పైకి పాకే సన్నని దారులు తెగుతాయి, నల్లరేగడిలో నెర్రెలు పూడుకుపోతాయి. నెర్రె తెరిచి ఉంటే ఎండ, గాలి మీటరు లోతు మట్టిని పక్కల నుంచి కూడా ఆరబెడతాయి. కలుపు లేకపోయినా బెట్టలో ఒకసారి గుంటక తోలమని పెద్దలు చెప్పేది అందుకే. దాంట్లో మూఢనమ్మకం ఏమీ లేదు, బకింగ్‌హామ్ లెక్క ఉంది.

మిద్దెతోట పెంచేవాళ్ళకు కూడా ఈ లాగుడు బలం గురించి ఒక మాట. కుండీ అడుగున కంకర పోస్తే నీళ్ళు బాగా దిగిపోతాయని చాలామంది పోస్తారు. జరిగేది అందుకు విరుద్ధం. సన్నని రంధ్రాలున్న మట్టి నీటిని పట్టి లాగుతుంది, పెద్ద సందులున్న కంకరకు లాగే బలం లేదు. పైమట్టి పూర్తిగా నిండి నీరు కారే దాకా కంకరలోకి చుక్క దిగదు. కంకర పోసినందువల్ల ఆ నిండిన తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరికి వస్తుంది. అడుగున కంత ఉంటే చాలు, కుండీ అంతా ఒకే మట్టి నింపండి.

నీళ్ళు దిగకూడదనుకునే చోటు

వరిమడిలో మాత్రం మనం అడిగేది తారుమారు. అక్కడ నీరు దిగకూడదు. దమ్ము చేయడమంటే పెద్ద రంధ్రాలను పనిగట్టుకుని చెరపడమే. పైన బురద, దాని కింద నాగలి, కేజీవీల్సు తొక్కి తొక్కి బిగించిన గట్టి పొర. బరువు నేలలో బాగా దమ్ము చేస్తే రోజుకు 1 నుంచి 5 మి.మీ. దిగుతుంది. తేలిక నేలలో దమ్ము చేసినా 10, 20 మి.మీ. కూడా దిగవచ్చు. రోజుకు ఒక్క మిల్లీమీటరు అదనంగా దిగితే నూరు రోజుల పంటకు ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. కృష్ణా డెల్టా ఒండ్రు మట్టిలో కాలువ నీటితో పండే వరికీ, ఎర్రచెలకలో బోరు కింద పండే వరికీ తేడా ఇక్కడే మొదలవుతుంది.

బోరు లెక్క ఇంకాస్త లోపలికి పోయి చూద్దాం. వేళ్ళు తాగగా, ఎండ తీసుకోగా మిగిలిన నీరే భూగర్భానికి చేరుతుంది. బంకపాలు తక్కువున్న శిథిల గ్రానైటు ప్రాంతాల్లో వానలో 11 శాతం భూగర్భానికి చేరుతుందని లెక్క వేసుకోవచ్చని భూగర్భ జల అంచనా కమిటీ 1997లో సూచించింది. తెలంగాణలో చాలా భాగం ఇలాంటి రాయి మీదే ఉంది. ఏడాదికి సగటున 900 మి.మీ. వాన అనుకుంటే భూమిలోకి చేరేది 99 మి.మీ., ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. యాసంగి వరికి 1,200 మి.మీ. నీరు పెడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు పైకి తోడినట్టు. అందులో మూడో వంతు మళ్ళీ కిందికి దిగిపోతుందనుకున్నా నికరంగా 32 లక్షలు పోతాయి. బోరు కింద ఒక్క ఎకరం యాసంగి వరి, ఎనిమిది ఎకరాల మీద ఏడాదంతా పడిన వాన భూమికి ఇచ్చిన నీటిని తాగేస్తుంది. ఊళ్ళో ఇలా ఒక్కో ఎకరం వరిని తడిపే వంద బోర్లుంటే ఎనిమిది వందల ఎకరాల ఊట కావాలి. చెరువు ఉన్న ఊరికి కొంత ఊరట ఉంటుంది. చెరువు లేని ఊళ్ళో ఈ లెక్క ఎలా సరిపోతుంది?

ఈ 11 శాతం తలరాత కాదు. అది సగటు. నేల పైన ఏం చేశామన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

ఏం చేస్తే దిగుతుంది

మళ్ళీ పటాన్‌చెరు. 1976 నుంచి అక్కడి నల్లరేగడిలో రెండు పద్ధతులను పక్కపక్కనే నడుపుతూ వస్తున్నారు. ఒకదాంట్లో పాత అలవాటు ప్రకారం వానాకాలం బీడు ఉంచి రబీలో ఒక పంట. రెండోదాంట్లో మీటరు వెడల్పు ఎత్తు మడులు, వాటి మధ్య అర మీటరు కాలువలు, వాటికి అర శాతం దరిదాపుల వాలు. మడిలో నీరు ఇంకుతుంది, ఎక్కువైంది కాలువలో మెల్లగా నడిచి పోతుంది. దానికి తోడు వానాకాలంలోనూ పంట, మంచి విత్తనం, ఎరువు. దశాబ్దాల సగటు చూస్తే పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి 1.1 టన్నుల గింజ, కొత్తదాంట్లో 5.1 టన్నులు. కొట్టుకుపోయిన మట్టి పాతదాంట్లో 6 టన్నుల పైన, కొత్తదాంట్లో టన్నున్నర. ఈ ఘనతంతా కాలువలదేనని చెప్పడం న్యాయం కాదు, విత్తనం, ఎరువుల వాటా కూడా ఉంది. కానీ వాన అదే, నేల అదే. ఆకాశం నుంచి ఒక్క చుక్క అదనంగా పడలేదు.

ఎర్రచెలకకు మందు వేరు. అక్కడ పెచ్చు కట్టనివ్వకపోవడమే ప్రధానం. దుక్కి చేస్తే నేల గుల్లబారుతుంది, రెండు మూడు గట్టి వానలకే మళ్ళీ బిగుసుకుంటుంది. కాబట్టి దుక్కి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏటా అదే కథ. చినుకును నేల తగలకముందే ఆపాలి. గడ్డి, ఆకు, కంది మోళ్ళు, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది పరవాలి. చినుకు చెత్త మీద పడి విరిగి మెల్లగా జారితే మట్టి గడ్డ చితకదు, రంధ్రం మూసుకోదు. చెత్త కింద వానపాములు, చెదలు చేరి, పదివేలకు సమానమైన ఆ పెద్ద రంధ్రాలను ఉచితంగా తవ్వుతాయి. వేరుశనగలో వాలుకు అడ్డంగా కొన్ని సాళ్ళకొక ఖాళీ సాలు వదలమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ సాలులో నీరు ఆగి నిలిస్తే ఇంకడానికి సమయం దొరుకుతుంది. గంటకు 10 మి.మీ. తాగే నేల దగ్గర 15 మి.మీ. మరో గంటన్నర ఆగగలిగితే చాలు, పన్నెండు ట్యాంకర్లు చేలోనే ఉంటాయి.

మీ చేను ఎంత వేగంగా తాగుతుందో కొలవడానికి వంద రూపాయల సామాను కూడా అక్కర్లేదు. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి తీసుకోండి, పొడవు అయిదంగుళాలు ఉంటే చాలు. ఒక అంచును ఆకురాయితో పదును పెట్టి, పైన చెక్క ఆనించి, మూడంగుళాల లోతుకు మెల్లగా నేలలోకి కొట్టండి. లోపలి మట్టి మీద పాలిథిన్ కాగితం పరిచి 440 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. పైపు లోపలి వెడల్పు 15 సెం.మీ. ఉంటే అది సరిగ్గా 25 మి.మీ. వానతో సమానం. కాగితం మెల్లగా లాగేసి గడియారం చూడండి. మొదటిసారి పోసింది పొడి మట్టిని తడపడానికి పోతుంది, దాన్ని పట్టించుకోవద్దు. వెంటనే మళ్ళీ 440 పోసి, అది ఇంకడానికి పట్టిన సమయం రాసుకోండి. పది నిమిషాల్లో పోతే గంటకు 150 మి.మీ., ఏ వానకూ భయపడనక్కర్లేదు. గంట పడితే గంటకు 25, మామూలు వాన ఆగుతుంది, జడివాన పారుతుంది. మూడు గంటలు దాటితే మీ చేలో పడిన గట్టి వానలో పెద్ద భాగం మీది కాదు.

ఈ పరీక్షను మే నెలలో దున్నిన నేల మీద చేస్తే అంకె ఎప్పుడూ గొప్పగానే వస్తుంది. జూన్, జూలైల్లో రెండు మూడు గట్టి వానలు పడి, పైన పెచ్చు ఆరాక చేయండి. ఒకచోట పెచ్చును కదపకుండా, అడుగు దూరంలో ఇంకోచోట పెచ్చును జాగ్రత్తగా గీకేసి, రెండుసార్లూ రెండో పోత సమయం కొలవండి. పెచ్చు ఉన్న చోట సమయం రెండింతలు దాటిందంటే, ఈ ఏడు కోత అయ్యాక చేలో మిగిలిన చొప్పకు, మోళ్ళకు నిప్పు పెట్టకండి. చేలోనే పరిచి ఉంచి, వచ్చే జూలైలో అదే చోట మళ్ళీ కొలవండి.